తక్కువ అంచులు, గట్టి అల్లిక: ఎక్స్‌పాండర్ గ్రాఫులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎక్స్‌పాండర్ గ్రాఫులో (గ్రాఫు అంటే బిందువులను గీతలతో కలిపిన అల్లిక, ఆ గీతలే అంచులు) అంచులు చాలా తక్కువ, అయినా దాన్ని రెండుగా విడదీయడం కష్టం అంటారు. ఈ రెండూ ఒకచోట ఎలా కుదురుతాయి? చేత్తో గీసి చూసుకునే ఉదాహరణ చెప్పండి. (డిగ్రీ విద్యార్థిని, వరంగల్)

జవాబు: కాగితం మీద 0 నుంచి 12 దాకా 13 బిందువులు గుండ్రంగా పెట్టి, పక్కపక్కవాటిని కలపండి. 12ను 0తో కలిపితే వలయం పూర్తయింది. ఇప్పుడు ఏ రెండు సంఖ్యల లబ్ధాన్ని 13తో భాగిస్తే శేషం 1 వస్తుందో వాటిని జోడించండి: 2–7, 3–9, 4–10, 5–8, 6–11. 1కి, 12కి తమకు తామే జోడీ, 0కి జోడీయే లేదు. ఆ మూడింటికీ తన దగ్గరికే తిరిగొచ్చే చుట్టు ఒకటి పెట్టేయండి. అలా ప్రతి బిందువుకూ మూడే.

1 నుంచి 6 దాకా ఆరు బిందువులను ఒక గుంపు అనుకోండి. వలయం ఒక్కటే ఉంటే ఆ గుంపు నుంచి బయటికి పోయే అంచులు 2. వలయం ఎంత పెద్దదైనా, వరసగా ఎన్ని బిందువులు తీసుకున్నా అంతే, కత్తెరకు రెండు కోతలు చాలు. జోడీలు కలిశాక అవి 7 అయ్యాయి. మొత్తంలో సగానికి మించని ప్రతి గుంపుకూ ‘బయటి అంచులు భాగించు బిందువులు’ లెక్కగట్టి, వాటిలో అతి చిన్నదాన్ని విస్తరణ అంటారు.

అయితే 7/6 చూసి మురిసిపోవద్దు. 12, 0, 1 గుంపును చూడండి. చుట్టులన్నీ లోపలే తిరుగుతాయి, బయటికి 2 అంచులే. అంటే 2/3. 3, 4, 5, 8, 9, 10 గుంపులో కూడా జోడీలన్నీ లోపలే ఉండిపోయి 4/6 వస్తుంది. కంటికి ఆనిన గుంపులు నాలుగు చూసి తేల్చేస్తే బలహీనమైన చోటు తప్పిపోతుంది. అన్నీ చూద్దామంటే 13 బిందువులకే 4,095 గుంపులు.

ఇంకో మాట. ఒక్క గ్రాఫును పట్టుకుని ఎక్స్‌పాండర్ అనడంలో అర్థం లేదు. 13 బదులు అంతకంతకూ పెద్ద ప్రధాన సంఖ్యలు తీసుకుంటూ పోయినా విస్తరణ ఒక స్థిరమైన హద్దుకు కిందికి జారకూడదు. మన గ్రాఫుల వరస జారదు. కానీ గీయడం ఎంత తేలికో రుజువు అంత కష్టం: 1965 నాటి సెల్బర్గ్ సిద్ధాంతం కావాలి.

ప్రశ్న: 1,000 బిందువులతో, ఒక్కోదానికి 3 అంచులతో యాదృచ్ఛిక గ్రాఫు తయారుచేశాను. మాత్రికతో పదేపదే గుణించి రెండో ఐగెన్ విలువ కనుక్కోబోతే ఎప్పుడూ 3 వస్తోంది. ఒకసారి మాత్రం 2.6 వచ్చింది. ఏది నమ్మాలి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: రెండూ నమ్మకండి. ఏ బిందువు దేనితో కలిసిందో 1, 0లతో రాసిన పట్టికే మాత్రిక. దానితో గుణించినా దిశ మారని సంఖ్యల వరస (వెక్టరు) ఎన్ని రెట్లవుతుందో అదే ఐగెన్ విలువ. రెండో విలువ ఎంత చిన్నదైతే గ్రాఫు అల్లిక అంత గట్టిది. ఇంత పెద్ద గ్రాఫుకు 2√2, అంటే 2.828 దరిదాపుల్లో రావాలి.

3 అనేది మొదటి ఐగెన్ విలువ, అన్నీ 1లే ఉన్న వెక్టరుది. దాన్ని వదిలించుకోవాలంటే వెక్టరులోని సంఖ్యల సగటును ప్రతి గుణకారం తర్వాతా తీసేయాలి. మొదట్లో ఒక్కసారి తీసి ఊరుకుంటే, పదహారో దశాంశంలో మిగిలిన నలుసు కొన్ని వందల గుణకారాల్లో పెరిగి మళ్లీ పైకొస్తుంది. సగటు తీస్తూనే ఉన్నా 3 వస్తోందంటే గ్రాఫు ముక్కలుగా ఉందన్నమాట. గుర్తులు ప్లస్, మైనస్ మారుతూ 3 వస్తుంటే అది ద్విభాగ గ్రాఫు (బిందువులు రెండు జట్లుగా ఉండి, అంచులన్నీ ఒక జట్టు నుంచి రెండోదానికే పోయేది), మీకు దొరికింది −3. ఈ తికమక లేకుండా మాత్రిక వికర్ణానికి 3 కలపండి. విలువలన్నీ 0కి, 6కి మధ్య ఉంటాయి. చివర్లో 3 తీసేస్తే సరి.

2.6 సంగతి ఇంకా ప్రమాదం. సగటు తీసిన ఏ వెక్టరుతో అంచనా కట్టినా వచ్చేది అసలు విలువకు సమానం గానీ తక్కువ గానీ అవుతుంది, ఎక్కువ కాదు. తొందరపడి ఆపితే గ్రాఫు ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. పైగా అసలు విలువ పక్కనే ఇతర ఐగెన్ విలువలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి లెక్క నెమ్మదిగా తేలుతుంది. రెండు వేర్వేరు వెక్టర్లతో మొదలుపెట్టి, రెండూ ఒకేచోటికి చేరేదాకా నడపండి.

గ్రాఫు తయారీ కూడా ఒకసారి చూసుకోండి. 3,000 అంచు కొసలను జతలు కలిపినప్పుడు చుట్టులు, జంట అంచులు వస్తాయి. వాటిని మాత్రమే పీకేస్తే కొన్ని బిందువులకు రెండే అంచులు మిగిలి లెక్క మొత్తం చెడుతుంది. మొత్తం పారేసి మళ్లీ కలపాలి. శుభ్రమైన గ్రాఫు వచ్చే అవకాశం సుమారు 13.5 శాతం, ఏడెనిమిది ప్రయత్నాలు చాలు. అదే ఒక్కో బిందువుకు 8 అంచులైతే అవకాశం దాదాపు 70 లక్షల్లో ఒకటి. అప్పుడు ఒక్కో బిందువుకు సరిగ్గా 8 అంచులున్న గ్రాఫు ఒకటి తీసుకుని, రెండేసి అంచుల కొసలు మార్చుకుంటూ కలగాపులగం చేయడమే దారి.

ప్రశ్న: రామానుజన్ గ్రాఫులు ఆయన కనిపెట్టినవేనా? (ఉపాధ్యాయుడు, కాకినాడ)

జవాబు: కాదు. 1916లో ఆయన టౌ ఫంక్షన్ అనే పూర్ణసంఖ్యల వరస మీద ఒక ఊహ చేశారు. డెలీన్ 1974లో రుజువు చేశారు. 1988లో లుబోట్‌స్కీ, ఫిలిప్స్, సార్నాక్ కట్టిన గ్రాఫుల్లో ఒక్కో బిందువుకు ప్రధాన సంఖ్య కంటే ఒకటి ఎక్కువ అంచులుంటాయి. వాటి ఐగెన్ విలువల హద్దు ఆ ఊహ కోవకు చెందిన ఫలితం నుంచే వచ్చింది, అందుకే ఆ పేరు. 6 అంచులకు హద్దు 2√5. మొదటిది (ద్విభాగ గ్రాఫులో దాని మైనస్ కూడా) మినహా ఐగెన్ విలువలన్నీ ఇలాంటి హద్దులో ఉండే గ్రాఫే రామానుజన్ గ్రాఫు. గ్రాఫు పెరిగేకొద్దీ ఇంతకంటే చెప్పుకోదగ్గంత కిందికి దింపడం ఎవరివల్లా కాదని అలాన్–బొప్పన ఫలితం.

కట్టి చూసేవారు ఒకచోట బోల్తా పడుతుంటారు. ఈ గ్రాఫులకు రెండు ప్రధాన సంఖ్యలు కావాలి: మొదటిది అంచులను, రెండోది బిందువుల సంఖ్యను నిర్ణయిస్తుంది. 5, 13 తీసుకుంటే 2,184 బిందువులు వస్తాయి గానీ, 13తో భాగించినప్పుడు ఏ వర్గ సంఖ్యకూ శేషం 5 రాదు కాబట్టి అది ద్విభాగ గ్రాఫు. −6 కనబడితే ప్రోగ్రాం తప్పు కాదు. 5, 29 తీసుకోండి: 11 వర్గం 121, శేషం 5. 12,180 బిందువుల మామూలు గ్రాఫు వస్తుంది.

అసలు ఇంత కష్టపడి కట్టాలా అన్న సందేహానికి 2024లో హువాంగ్, మెకెంజీ, యౌ జవాబు చెప్పారు: బిందువులు బాగా ఎక్కువైతే, సమాన అంచుల యాదృచ్ఛిక గ్రాఫుల్లో దాదాపు 69 శాతం రామానుజన్ గ్రాఫులే.

ప్రశ్న: వీటితో యాదృచ్ఛిక బిట్లు ఆదా అవుతాయట, ఎంత? (పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: ఒక ప్రోగ్రాంకు ఒక్కోసారి 100 బిట్లు కావాలి, 50 సార్లు నడపాలి అనుకుందాం. విడివిడిగా అయితే 5,000 బిట్లు. బదులుగా 1981 నాటి గాబర్–గలీల్ గ్రాఫు మీద నడవండి. ప్రతి బిందువూ 50 బిట్ల సంఖ్యల జత (ఎక్స్, వై). పొరుగువి ఎనిమిది: ఎక్స్‌కు 2వై గానీ 2వై+1 గానీ కలపడం, తీసేయడం. అలాగే వైకి 2ఎక్స్, 2ఎక్స్+1. లెక్కంతా 2^50 శేషంలో. గ్రాఫును ఎక్కడా దాచక్కర్లేదు. అడుగుకు 3 బిట్లు, మొత్తం 100 + 49×3 = 247.

కాగితం మీద ఇది బాగానే ఉంది గానీ, ఈ గ్రాఫు రెండో ఐగెన్ విలువకు రుజువైన హద్దు 7.07, మొదటిది 8. మొదలుపెట్టిన చోటి ప్రభావం అడుగుకు 0.884 వంతుకు మాత్రమే తగ్గుతుంది, ఇది బలహీనం. ఆరేసి అడుగులకొకసారి నమూనా తీసుకుంటే ఆ వంతు 0.48కి దిగుతుంది, బిట్లు 982 అవుతాయి. 247 అని రాసేసి, తప్పు మాత్రం విడివిడి ప్రయత్నాలంత వేగంగా తగ్గిందని చెబితే పరీక్షకుడు పట్టుకుంటాడు.