ఆస్పెన్ బంగారం ఫొటోలో ఎందుకు వెలిసిపోతోంది?

ప్రశ్న: మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. పోయిన సెప్టెంబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం కెనోషా పాస్ అనే కొండ కనుమకి వెళ్లాం. ఆస్పెన్ చెట్లు కళ్లకి బంగారంలా ఉన్నాయి, ఫొటోల్లో చూస్తే వెలిసిపోయిన పసుపు, నీడలో ఉన్న కాండాలు నీలంగా వచ్చాయి. సూర్యుడు వెనక ఉండేలా నిలబడే తీశాను. 18-55 (వెడల్పుగా చూపేది), 55-250 (దూరానివి దగ్గరగా చూపేది) ఎంఎం లెన్సులున్నాయి. కొత్త కెమెరా కొనాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: కొనకండి, తప్పు కెమెరాది కాదు. ఆస్పెన్ దగ్గర సూర్యుడు మీకు ఎదురుగా ఉండాలి. ఆ ఆకు పల్చన, ఎండ దాని మీద పడి తిరిగొస్తే తళుకు ఎక్కువై రంగు చస్తుంది, అదే ఎండ ఆకులోంచి దూరి మీ వైపు వచ్చిందా, ఒక్కో ఆకూ లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. పొద్దున్నే తోపులోకి వెళ్లి, సూర్యుణ్ణి ఏదో ఒక కాండం చాటుకి తెచ్చుకుని తీయండి. వెనక కొండ నీడలో ఉంటే కెమెరా ఆ చీకటి చూసి వెలుతురు ఎక్కువ తీసేసుకుంటుంది, అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ వరకూ, అంటే వెలుతురు సగం అయ్యేదాకా, తగ్గించండి.

కాండాలు నీలంగా రావడానికి కారణం, నీడలో వాటి మీద పడేది ఆకాశం వెలుతురే. వైట్ బ్యాలెన్స్‌ని (వెలుతురుని బట్టి రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకుండా క్లౌడీలో పెట్టండి, రా (RAW) ఫైల్, అంటే కెమెరా మార్పులు చేయని ఫైల్, తీస్తే ఇంటికొచ్చాక కూడా సరిచేసుకోవచ్చు. అన్నట్టు ఆ తెల్ల బెరడు మీద పిల్లల్ని పేర్లు చెక్కనివ్వకండి, ఆ గాయంలోంచే బూజు తెగుళ్లు లోపలికి వెళ్తాయి.

మన రావి ఆకులాగే ఆస్పెన్ ఆకు కూడా చిన్న గాలికే వణుకుతుంది, దీని తొడిమ పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది మరి. ఆకు కదలకుండా రావాలంటే షట్టర్ 1/500 సెకను పెట్టి, తగ్గిన వెలుతురుకి బదులు ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచుకోండి. నాకైతే ట్రైపాడ్ మీద అర సెకను ఇచ్చి తీయడమే ఇష్టం, కాండాలు నిలకడగా ఉంటాయి, చుట్టూ పసుపు చల్లినట్టు వస్తుంది.

మీ 55-250 లెన్సుని బ్యాగులో ఉంచకండి. ఆస్పెన్ ఒకే వేరు నుంచి పిలకలు వేసి గుంపుగా పెరుగుతుంది. యూటాలో పాండో అనే తోపు 106 ఎకరాలు, దాదాపు 47,000 కాండాలు, అయినా అంతా ఒకే చెట్టు. ఒక గుంపు మామూలుగా ఒకేసారి రంగు మారుతుంది కాబట్టి ఎదుటి కొండ మీద పచ్చ మడి, పక్కనే పసుపు మడి, గట్లు వేసినట్టు తెలిసిపోతాయి. దూరం నుంచి ఆ లెన్సుతో ఆ గట్లు పట్టుకోండి.

డబ్బు పెట్టాలనిపిస్తే లెన్సు ముందు బిగించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ కొనండి, ఆకుల మీద తళుకు తగ్గిస్తుంది. 18 ఎంఎం దగ్గర మాత్రం పూర్తిగా తిప్పొద్దు, ఆకాశం ఒక పక్క నల్లబడుతుంది.

కెనోషా పాస్ 10,000 అడుగుల ఎత్తు, అక్కడ సాధారణంగా సెప్టెంబర్ చివరి పది రోజులే అదను. శనివారం వద్దు, కారు పెట్టే చోటు వెతకడానికే టైమ్ సరిపోతుంది. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి చీకటితోనే బయల్దేరండి, ఒక్క పెద్ద గాలి వచ్చిందంటే మర్నాటికి కొమ్మలే మిగులుతాయి.