ఆర్ట్‌ని కెరీర్ చేసుకోవాలంటే ఎలాంటి స్వభావం ఉండాలి? నాకు మొహమాటం ఎక్కువ, పనికొస్తానా?

డిగ్రీ ఫైనల్ ఇయర్, బొమ్మలు బాగా వేస్తావని అందరూ అంటారు, కానీ నలుగురిలో నోరు పెగలదు, ఆర్టిస్ట్‌గా బతకగలనా అని అడిగావు. నలుగురిలో మాట్లాడలేకపోవడం పెద్ద ప్రాబ్లం కాదు తమ్ముడూ, రోజంతా ఒక్కడివే గదిలో కూర్చుని పని చేసుకోగలిగితే అది ప్లస్సే, మా ఫీల్డ్‌లో చాలామంది అలాంటోళ్ళే. డబ్బుల దగ్గర మొహమాటం ఉంటే మాత్రం కష్టం. టాలెంట్ తక్కువై మానేసినోళ్ళని నేను పెద్దగా చూడలేదు, రేటు అడగలేక మానేసినోళ్ళని చాలామందిని చూశా.

నేను హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బీఎఫ్ఏ పెయింటింగ్ చేశా, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ. ఇప్పుడు గోడల మీద మ్యూరల్స్, ఆర్డర్ మీద పోర్ట్రెయిట్లు, వీకెండ్‌లో పిల్లలకి డ్రాయింగ్ క్లాసులు, మిగిలిన టైమ్‌లో నా సొంత పెయింటింగ్స్. డబ్బులు ఈ వరసలోనే వస్తాయి, ఇష్టం మాత్రం చివర్నుంచి మొదలు.

ఎలా ఉంటుందో చెప్తా. కొండాపూర్ వైపు ఎవరో కొత్తగా కేఫ్ పెడతారు, పిలుస్తారు, చాయ్ ఇప్పిస్తారు, గోడ చూపించి "బ్రో, మనది స్టార్టింగ్ కదా, ఇన్‌స్టాలో ట్యాగ్ చేస్తాం, నీకు మస్తు పబ్లిసిటీ" అంటారు. అదే మనిషి ఆ గోడకి పుట్టీ పెట్టిన మేస్త్రికి సాయంత్రానికల్లా కూలీ లెక్కకట్టి ఇచ్చేస్తాడు. మేస్త్రిని ట్యాగ్ చేస్తాననడు, అన్నా ఆయన ఊరుకోడు. మనం కూడా ఆ మేస్త్రి లాగే టేప్ తీసి గోడ కొలవాలి, ఎస్ఎఫ్‌టీకి ఇంత అని చెప్పాలి, పరంజా అద్దె, ప్రైమర్, పైన కొట్టే కోటింగ్ విడిగా రాయాలి. చెయ్యి పెట్టి చూస్తే గోడ చెమ్మగా ఉందనుకో, ముందు అది బాగు చేయించమను, లేకపోతే వానాకాలంలో రంగు పెచ్చులూడి పేరు మనకే చెడుతుంది. స్కెచ్ ఎన్నిసార్లు మారుస్తావో కూడా ముందే చెప్పేయ్, సగం అడ్వాన్స్ అకౌంట్లో పడ్డాకే రంగులు కొను, ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడినా మళ్ళీ వాట్సాప్‌లో టైప్ చేసి పెట్టు.

ఇంకో ముఖ్యమైన సంగతి, రేటు చెప్పాక ఆగిపో. అవతలాయన ఒక్క నిమిషం ఏం మాట్లాడడు, ఫోన్ చూసుకుంటాడు, ఆ నిమిషం తట్టుకోలేక "అంటే కొంచెం అటూ ఇటూ చూడొచ్చులెండి" అని మనమే అనేస్తాం, ఆయన బేరం మొదలుపెట్టకముందే మనం తగ్గించేసుకుంటాం. ఇది ప్రాక్టీస్ చేస్తే వచ్చేదే, పుట్టుకతో రాదు.

కంపెనీల పని వేరే రకం తలనొప్పి. అక్కడ బేరం తక్కువ కానీ వెండర్ రిజిస్ట్రేషన్, పాన్, ఇన్‌వాయిస్ అంటారు, డబ్బులకి నెలా రెండు నెలలు తిప్పుతారు, ఫీజులో 10 శాతం టీడీఎస్ అని ట్యాక్స్ కింద ముందే పట్టుకున్నారంటే ఐటీఆర్ (ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్) వేసి ఆ లెక్క చూపించుకోవాలి, నీకు అంత ట్యాక్స్ పడకపోతే వెనక్కొస్తుంది. గ్యాలరీలైతే అమ్ముడుపోయిన బొమ్మ మీద 30 నుంచి 50 శాతం దాకా కమిషన్ తీసుకోవడం మామూలే. మొదటిసారి వింటే ఒళ్ళు మండుతుంది, కానీ కొనేవాళ్ళ పరిచయాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి కాబట్టి పోట్లాడి లాభం లేదు. ఫ్రేమ్ ఖర్చు ఎవరిది, అమ్మాక ఎన్ని రోజులకి ఇస్తారు, ఈ రెండూ మాత్రం బొమ్మ అప్పజెప్పేముందే కాగితం మీద రాయించుకో.

ఇక పక్కన ఇంకో ఉద్యోగం చేస్తే నిజమైన ఆర్టిస్ట్ కాదనే మాట వింటావు, పట్టించుకోకు. పేరున్న చిత్రకారుడు సిద్దిపేట కాపు రాజయ్య గారు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పని చేశారు. ఇవాళ తోట వైకుంఠం గారి బొమ్మ అంటే పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ళే గుర్తొస్తారు గానీ ఆయన సినిమాలకి ఆర్ట్ డైరెక్షన్ కూడా చేశారు, 1988లో వచ్చిన దాసికి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. నాకైతే నెల మొదట్లో ఆ క్లాసుల ఫీజులు పడితేనే మిగతా నెల ప్రశాంతంగా బ్రష్ పట్టుకోబుద్ధవుతుంది. పిల్లలకి నేర్పడం టైమ్ వేస్ట్ అనేవాళ్ళు రెంట్ కట్టరనుకుంటా.

ఇంట్లోవాళ్ళ సంగతి... పెళ్ళిళ్ళకి వెళ్తే "ఏం చేస్తున్నవ్‌రా ఇప్పుడు" అని అడుగుతారు, బొమ్మలు అంటే "అది సరే, పని ఏం చేస్తున్నవ్" అని మళ్ళీ అడుగుతారు. దీనికి నా దగ్గర మందు లేదు. మా నాన్న మాత్రం బ్యాంక్ మెసేజ్ చూపించిన రోజు నుంచి మెత్తబడ్డాడు.

కోర్సు గురించి కూడా అడిగావు కదా. జేఎన్ఏఎఫ్ఏయూ, అంటే మా మాసబ్ ట్యాంక్ కాలేజీ యూనివర్సిటీ, వాళ్ళ ఎంట్రన్స్ రాసి బీఎఫ్ఏలో చేరితే ఇంకో నాలుగేళ్ళు, డిగ్రీ అయ్యాక మళ్ళీ అంత టైమ్ ఇంట్లో ఒప్పుకుంటారా చూసుకో. సర్టిఫికెట్ కోసమైతే వద్దంటా, పక్కన కూర్చుని మన బొమ్మని మొహం మీద తిట్టే ఫ్రెండ్స్ కోసమైతే వెళ్ళు. అది కుదరకపోతే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో షోలకి వెళ్ళు, ఆర్టిస్టులు అక్కడే ఉంటే పలకరించు, రంగుల గురించి అడిగితే ఎంత సైలెంట్ మనిషైనా గంటసేపు మాట్లాడతాడు. సాయంత్రాలు లామకాన్ అనే కల్చరల్ సెంటర్‌లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, అక్కడ ఎవరూ నిన్ను మాట్లాడమని బలవంతపెట్టరు.

ఏఐ వచ్చాక చిన్న చిన్న లోగోలు, పోస్టర్ల పనులు నాకు బాగా తగ్గాయి, దాచేదేం లేదు. ఒక్కదాని మీదే ఆధారపడే ప్లాన్ వేసుకోకు.

ప్రస్తుతానికి ఒక పని చెయ్. బంధువులెవరైనా "మా బాబు బొమ్మ ఒకటి వేసిపెట్టు నాయనా" అన్నప్పుడు నవ్వుతూనే "ఏ4 సైజ్ పెన్సిల్ అయితే ఇంత అత్తా" అని చెప్పి చూడు. నీ పనులు ఒక నాలుగు కామెంట్లో పెట్టు, ఎంత చెప్పొచ్చో చూసి చెప్తా.