అమెరికాలో ఫ్రీగా ఇచ్చే ఫోన్‌కి ఇక్కడ పూర్తి డబ్బు ఎందుకు కట్టాలి?

మీరు అడిగింది ఇది: డల్లాస్‌లో మీ బావకి కొత్త ఐఫోన్ ఫ్రీగా వచ్చిందట. చిత్తూరులో మీ నాన్నగారికి ఫోన్ కొనబోతే ప్రీపెయిడ్ సిమ్‌కి తగ్గింపేమీ లేదన్నారు. సిమ్ కంపెనీలు ఇచ్చే క్యాష్‌బ్యాక్ ఆఫర్లు నమ్మొచ్చా?

తిరుపతి గాంధీ రోడ్డులో మా చిన్నాన్న మొబైల్ షాపులో చాలాకాలం కూర్చున్నాను. కౌంటర్ దగ్గర తరచూ విన్న ప్రశ్నే ఇది. మీ బావ ఫోన్ నిజానికి ఫ్రీ కాదు. అక్కడ రెండు మూడేళ్ళు పెద్ద ప్లాన్‌లోనే ఉంటే ఫోన్ ధరని నెలనెలా బిల్లులో కొంత కొంత తగ్గిస్తారు. మధ్యలో మానేస్తే మిగిలిన బాకీ ఆయనే కట్టాలి. బాకీ తీరేదాకా వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా చాలా ఫోన్లకి లాక్ ఉంటుంది. అలాంటి ఐఫోన్ ఒకటి కొడుకు పంపాడని ఒక పెద్దాయన షాపుకి తెచ్చారు. మన సిమ్ వేయగానే తెర మీద ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. తెర మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీయలేదు. చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మన దగ్గర నూటికి తొంభైమందికి పైగా ప్రీపెయిడే. ముందే డబ్బు కట్టి వాడుకునే మనిషిని కంపెనీ ఏ కాగితంతోనూ పట్టి ఉంచలేదు. నచ్చకపోతే రేపే సిమ్ మార్చేస్తాడు. 2011 నుంచి నంబరు కూడా వెంట తీసుకుపోవచ్చు. అందుకే ఫోన్ మీద ముందుగా డబ్బు పెట్టడానికి కంపెనీలకి భయం. 2003లో రిలయన్స్ 501 రూపాయలకే ఫోన్ చేతికిస్తే, తర్వాత చాలామంది బిల్లులు ఎగ్గొట్టారు. 2008లో ఐఫోన్ 3జీ అమెరికాలో రెండేళ్ళ కాంట్రాక్టుతో 199 డాలర్లకి వచ్చింది. ఇక్కడ ఎయిర్‌టెల్, వొడాఫోన్ దాన్ని 31,000 రూపాయలకి అమ్మాయి. అంత తేడా ఏంటని జనం మండిపడ్డారు కానీ, అక్కడివాళ్ళు మిగతాది నెల బిల్లుల్లో కట్టుకున్నారు.

ఇక క్యాష్‌బ్యాక్. 2021 అక్టోబరులో వచ్చిన ఎయిర్‌టెల్ ఆఫర్‌ని ఉదాహరణగా చూడండి: కొత్త ఫోన్ కొని 36 నెలలు ఆపకుండా 249 లేదా అంతకన్నా పెద్ద ప్యాక్ వేయిస్తే, రెండు విడతల్లో 6,000 వెనక్కి. ఆ ప్యాక్ 28 రోజులే కాబట్టి మూడేళ్ళకి 39 రీఛార్జులు, అంటే 9,711 రూపాయలు. ఎలాగూ అంత డేటా వాడే కుర్రాడికి ఇది మంచి ఆఫరే. మా అమ్మకి కాదు. చంద్రగిరిలో ఉంటుంది, ఆమెకి వచ్చే కాల్సే ఎక్కువ. అప్పట్లో 79 ప్యాక్ సరిపోయేది. దానికి 39 సార్లయినా 3,081. తేడా 6,630, వెనక్కొచ్చేదేమో 6,000! పైగా నవంబరులోనే రేట్లు పెరిగి 249 ప్యాక్ 299 అయింది. నేను ఆ ఆఫర్ వదిలేసి, అమ్మకి మామూలుగానే ఫోన్ కొన్నాను.

మీ నాన్నగారికి కూడా ముందు ఆయన నెలకి ఎంత రీఛార్జ్ చేస్తున్నారో చూడండి. డేటా అక్కర్లేకపోతే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు అడగండి, టెలికాం కంపెనీల మీద నియంత్రణ చూసే ట్రాయ్ 2024 డిసెంబరులో అలాంటివి ఇవ్వాలని ఆదేశించింది. షాపులో ఆఫర్ చెబితే మూడే ప్రశ్నలు: ఏ ప్యాక్ వేయాలి, ఎన్ని నెలలు, ఒక్క నెల తప్పితే ఏమవుతుంది? వేరే కంపెనీ సిమ్ అక్కడే వేసి, సిగ్నల్ వచ్చాకే డబ్బు ఇవ్వండి.