మార్కులొచ్చిన లెక్కలే ఇప్పుడు అర్థం కావడం లేదు

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. నాన్న పొగాకు వేస్తారు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. లెక్కల్లో ఎప్పుడూ 90కి తగ్గలేదు. ఇప్పుడు నెల్లూరులో ఎమ్మెస్సీ గణితం మొదటి సెమిస్టర్. రియల్ అనాలిసిస్ క్లాసులో అంతా రాసుకుంటాను, రూముకొచ్చి చూస్తే ఒక్క ముక్క ఎక్కదు. ఇంటర్నల్‌లో 40కి 9 వచ్చాయి. మానేసి బీఈడీలో చేరమని ఇంట్లో అంటున్నారు. నాకు నిజంగా లెక్కలు రావా మేడమ్?
- ఒక విద్యార్థిని

జవాబు: నీ 9 చూడగానే నా 7 గుర్తొచ్చాయమ్మా. 1983లో ఒంగోలు పక్క పల్లె నుంచి తిరుపతి వెళ్లి ఎమ్మెస్సీలో చేరాను. మొదటి పరీక్షలో 50కి 7. రాత్రంతా ఏడ్చాను.

డిగ్రీలో మనం నేర్చుకున్నది లెక్క చెయ్యడం. సూత్రం గుర్తుంటే జవాబు వచ్చేస్తుంది. ఎమ్మెస్సీలో అడిగేది వేరు: ఈ మాట ఎందుకు నిజం, ఎక్కడిదాకా నిజం?

ఓ రోజు మా సారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. సంవృతాంతరం (రెండు చివర్లూ కలిసిన అంతరం) మీద అవిచ్ఛిన్నమైన, అంటే ఎక్కడా తెగని, ప్రమేయానికి (ఫంక్షన్‌కు) గరిష్ఠ విలువ ఉంటుందన్న సిద్ధాంతం, నిరూపణతో సహా పొల్లు పోకుండా రాశాను. ఆయన వచ్చి 'సంవృత' అన్న మాట చేత్తో తుడిచేసి, "ఇప్పుడు నీ నిరూపణ ఏ వరుసలో ఆగిపోతుంది?" అన్నారు. నోరు పెగల్లేదు. ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఒకటి బై ఎక్స్ తీసుకున్నాను. సున్నా, ఒకటి చివర్లు రెండూ వదిలేశాను. ఎక్స్ సున్నాకు దగ్గరయ్యేకొద్దీ విలువ పది, వంద, వెయ్యి... గరిష్ఠమన్నదే లేదు! మళ్లీ నిరూపణ తిరగేశాను. అనుక్రమంలోంచి (సీక్వెన్స్‌లోంచి) ఏరుకున్న ఉపానుక్రమం అవధి (లిమిట్) ఆ అంతరంలోనే ఉంటుందన్న వరుస ఉంది చూడు, అక్కడ పని చేస్తోంది ఆ మాట. అన్నిసార్లు రాశాను గానీ ఆ వరుసను నేను చదివింది ఆ రోజే.

నువ్వూ అలాగే చెయ్యి. రోజుకు ఒక్క సిద్ధాంతం చాలు. అందులో ఒక్కో షరతూ తీసేసి ఏం విరుగుతుందో చూడు. సున్నా నుంచి ఒకటి దాకా, చివర్లతో కలిపి, ఎక్స్, ఎక్స్ స్క్వేర్, ఎక్స్ క్యూబ్ గీసుకుంటూ పో. అన్నీ అవిచ్ఛిన్నాలే. అవధి మాత్రం ఒకటికి ముందు అంతటా సున్నా; ఒకటి దగ్గర ఒక్కసారిగా ఒకటి. యూనిఫాం కన్వర్జెన్స్, అంటే అంతటా ఒకేలా అవధికి దగ్గరవడం అన్న ఆలోచన, ఎందుకు పుట్టిందో ఈ బొమ్మే చెబుతుంది.

ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టకు. అవిచ్ఛిన్నతను నిర్వచించే ఎప్సిలాన్-డెల్టాను, "నువ్వు ఎంత చిన్న తేడా అడుగు, దానికి సరిపడా దగ్గరితనం నేను చూపిస్తాను" అని తెలుగులో చెప్పుకో. ముందు అడగడం, తర్వాత చూపించడం. ఆ వరుస తారుమారైతే అర్థమే మారిపోతుంది.

బీఈడీ ఎమ్మెస్సీ అయ్యాక కూడా చెయ్యొచ్చు, ఆ మాట నాన్నగారికి చెప్పు. ఆకు పసుపు తిరగకముందే పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్‌లో వేడి పెంచితే ఏమవుతుందో ఆయనకు మనం చెప్పక్కర్లేదు. ఒక్క సెమిస్టర్ గడువడుగు.

లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే సీఎస్ఐఆర్ నెట్ గణితం పేపర్లో పార్ట్ సీ అని ఒకటుంటుంది. ప్రశ్నకు 4.75 మార్కులు, కానీ సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే. బట్టీ అక్కడ ఒక్క మార్కు తేదు, షరతులు తీసి చూసే అలవాటు తెస్తుంది. 1993 నుంచి వేసవిలో ఎంటీటీఎస్ అనే నాలుగు వారాల గణిత శిబిరం నడుస్తోంది. పాఠం చెప్పేకంటే ప్రశ్నలడిగి పిల్లలచేతే చెప్పించడం వాళ్ల పద్ధతి. ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్లకూ అందులో చోటుంది. తప్పకుండా దరఖాస్తు పెట్టు.

ఈలోగా ఒక పని. పరిమిత సమూహంలో (గ్రూప్‌లో) ఉపసమూహం పరిమాణం, అంటే మూలకాల సంఖ్య, సమూహం పరిమాణాన్ని భాగిస్తుందని లెగ్రాంజ్ సిద్ధాంతం. నాలుగు వస్తువుల సరి ప్రస్తారాలు, అంటే రెండేసి వస్తువుల్ని సరిసంఖ్యలో మార్పిడి చేస్తే వచ్చే అమరికలు, 12. ఆరు 12ను భాగిస్తుంది, అయినా ఆరు మూలకాల ఉపసమూహం అందులో లేదు. ఎందుకు లేదో పుస్తకం తెరవకుండా, తెలుగులోనే, రాసి నాకు పంపు.