బరువు సర్జరీకి పాప ఎఫ్‌డీ తీసెయ్యాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24 వేలు. మావారు పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తున్నారు, చేతికి 42 వేలు వస్తుంది. కంపెనీవాళ్ల 5 లక్షల గ్రూపు ఇన్సూరెన్సులో నేనూ ఉన్నాను. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. ఆరేళ్లుగా షుగరు. ఇన్సులిన్ వేసుకుంటున్నా మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు పరీక్ష) 9.4 వచ్చింది. విశాఖలో డాక్టరుగారు స్లీవ్ సర్జరీ చేయించుకోమన్నారు. 4,10,000 అవుతుందట. పాప ఇంటర్ రెండో ఏడు, దాని చదువుకని 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇరవై నెలల 3 లక్షల చీటీకి పద్నాలుగు వాయిదాలు కట్టాం, ఇంకా పాడలేదు. కొంచెం బంగారం ఉంది. ఎఫ్‌డీ తీసెయ్యాలా, ఆస్పత్రివాళ్లు చెప్పిన ఈఎంఐ తీసుకోవాలా? మా మరిది మాత్రం, "ఏటవుద్ది వదినా, కొత్త పాలసీ ఒకటి తీసీసుకుని రెండు నెల్లాగి చేయించీసుకో" అంటున్నాడు. తర్వాత చర్మం వేలాడితే ఆ ఆపరేషన్‌కీ ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: ముందు మీ మరిది మాట తేల్చేద్దామమ్మా. కొత్త పాలసీలో పాత జబ్బులకు 36 నెలల దాకా వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, పెట్టొచ్చు. షుగరు సంగతి దాచి తీసుకుంటే క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీ కూడా రద్దవుతుంది. ఆరేళ్ల మందుల చీటీలు మీ బీరువాలోనే ఉన్నాయి, ఎక్కడ దాస్తారు?

మీ ఆశంతా కంపెనీ పాలసీ మీదే పెట్టుకోవాలి. బరువు తగ్గించే ఆపరేషన్‌కు బీమా ఎప్పుడు ఇవ్వాలో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఖాయం చేసిన క్లాజు ఒకటుంది. డాక్టరు సలహా ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 40 గానీ ఆపైన గానీ ఉండాలి. 35 నుంచి 40 లోపు ఉన్నవాళ్లకైతే గుండె కండరం జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగరు, వీటిలో ఒకటి ఉండాలి. అదీ ఆపరేషన్ లేకుండా బరువు తగ్గే ప్రయత్నాలు చేసి తగ్గకపోతేనే. మీ బీఎంఐ 38.3. మోకాళ్ల నొప్పులు, బీపీ, థైరాయిడ్ ఆ జాబితాలో లేవు. మిమ్మల్ని గట్టెక్కించేది ఆ 9.4 కాగితమే. కాబట్టి పాత రిపోర్టులన్నీ తేదీల వరసన పెట్టి ఫైలు కట్టండి. గ్రూపు పాలసీల్లో కొన్ని ఈ సర్జరీకి వేరే పరిమితి పెడతాయి. దాని గురించి మీవారి హెచ్‌ఆర్‌ను నోటిమాటగా అడగొద్దు, మెయిల్లో అడిగించండి.

ఇక ఎస్టిమేట్. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 80 శాతం కోసి తీసేసి, మిగిలిన గొట్టాన్ని స్టేప్లర్‌తో కుడతారు. బిల్లులో పెద్ద ముక్క ఆ స్టేప్లర్ కార్ట్రిడ్జిలదే. ఎన్ని వాడతారో, ఒక్కోటి ఎంతో కాగితం మీద రాయించుకోండి. గది దగ్గరా జాగ్రత్త. పాలసీలో గది అద్దె రోజుకి 5,000 అని ఉండి మీరు 8,000 గదిలో దిగారనుకోండి, కోత పడేది 3,000 ఒక్కటే కాదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ లాంటివీ అదే నిష్పత్తిలో కోసేస్తారు. అవి 2 లక్షలుంటే 75 వేలు మీ చేతిది పోతుంది. ఏసీ గదిలో మూడు రాత్రులకి అంత పెట్టక్కర్లేదు.

ఇదంతా సరే, నాకు మీ ఉత్తరంలో ఒక ఖర్చు కనబడలేదు. విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల షాపాయన ఒకాయన రెండేళ్ల క్రితం ఇదే తరహా సర్జరీ చేయించుకుని ముప్పై ఎనిమిది కిలోలు తగ్గాడు. మొన్న పాలసీ రెన్యువల్‌కి నా దగ్గరికొచ్చి, కూర్చున్నంతసేపూ చెప్పు విడిచి అరికాలు నేలకేసి రుద్దుతూనే ఉన్నాడు. తిమ్మిర్లట. "బరువు తగ్గిపోయింది కదండీ, ఇంకా మాత్రలెందుకని మానేశా" అన్నాడు. బీ12 పడిపోయింది. నెలకి ఏడెనిమిది వందలు మిగుల్చుకుని, నరాల డాక్టరుకీ పరీక్షలకీ 38 వేలు పోశాడు.

విటమిన్లు, బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకి, ఆ తర్వాత ఏటా రక్తపరీక్షలు. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ అయినా లోపలికి వెళ్లాలి, పొట్టేమో గుప్పెడే. చోడి (రాగి) అంబలి చలవే గానీ దాంట్లో ప్రొటీన్ తక్కువ. గుడ్డు, పెరుగు, చేప, ఉలవలు ముందు తిని, చోటు మిగిలితేనే అన్నం. మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి కూడా కొనాలి. మాత్రలకు 1,500, పొడికీ తిండికీ 1,500, పరీక్షలకూ విశాఖ రానుపోనుకూ సగటున 1,000. నా లెక్కలో నెలకు 4,000. ఇన్సులిన్ తగ్గితే కొంత కలిసొస్తుంది, కానీ అది డాక్టరు తగ్గించాకే లెక్కలో వేసుకోండి.

అందుకే నా సలహా, ఈ నెల నుంచే ఆ 4,000 తీసిపెట్టండి. డైటీషియన్‌ని కలవండి, ప్రతి విజిట్‌కీ బరువు రాయించుకోండి, ప్రొటీన్ లెక్క చూసుకుంటూ తినండి, భోజనంలో నీళ్లు తాగకుండా అరగంట ఆగడం అలవాటు చేసుకోండి. మిగిలింది వేరే ఖాతాలో వెయ్యండి. ఆరు నెలలు చెయ్యగలిగితే తర్వాతా చెయ్యగలరు. రెండో నెల్లోనే "ఈ నెల స్కూలు పుస్తకాలున్నాయి" అని ఆగిపోతే, సర్జరీ తర్వాతా అంతే జరుగుతుంది. పైగా ఆ డైటీషియన్ కాగితాలే "ప్రయత్నించాం, తగ్గలేదు" అనడానికి బీమా కంపెనీ ముందు మీ సాక్ష్యం. ఆరు నెలల్లో మీరు 89 కిలోలకి దిగిపోతే బీఎంఐ 35 లోపుకొచ్చి బీమా రాదు. అలా దిగితే మాత్రం క్లెయిమ్ పోయిందని ఏడవకండి, డాక్టరుగారితో మళ్లీ మాట్లాడండి. షుగరు మూలాన ఆగడానికి వీల్లేదని ఆయనంటే నా ఆరు నెలల మాట వదిలెయ్యండి. నాది లెక్కల పని, వైద్యం కాదు.

ఆగితే ఇంకో లాభం, ఆరు నెలలకి చీటీ కూడా అయిపోతుంది. ఇప్పుడు పాడి వెలితి పోగొట్టుకోనక్కర్లేదు. కమీషను పోను 2,85,000 దాకా చేతికొస్తుంది. బీమా కుదిరితే పైఖర్చులు 60, 70 వేలు అందులోంచే పెట్టి, మిగిలింది దాచండి. బీమా కాదంటే, తక్కువపడే లక్షా పాతికకి మీవారి పీఎఫ్ అడ్వాన్సు, చాలకపోతే బంగారం మీద లోను. చీటీ రిజిస్టరైన కంపెనీలో కాకుండా తెలిసినవాళ్ల దగ్గర వేసుంటే ఈ లెక్కంతా కొంచెం అనుమానంతోనే చూడండి.

ఆస్పత్రి ఈఎంఐ వద్దు. 2 లక్షలు 14 శాతం మీద రెండేళ్లకి తీసుకుంటే నెలకి 9,600, వడ్డీయే 30 వేలు దాటుతుంది. ఆ వాయిదా కట్టే నెలల్లో మొదట ఆగిపోయేవి మీ మాత్రలే. పాప ఎఫ్‌డీ జోలికి అసలే వెళ్లొద్దు. రాజాంలో చదివినా విశాఖలో చదివినా వచ్చే ఏడాది ఆ డబ్బుతో పనుంది.

బీమా కంపెనీ కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా తగాదాలు తేల్చే అధికారికి. మన జిల్లాలకీ ఆయనే. ఫీజు లేదు.

మీవారి ఉద్యోగం మారితే గ్రూపు పాలసీ అక్కడితో సరి. కాబట్టి షుగరు సంగతి చెప్పే, ముగ్గురికీ కలిపి సొంత పాలసీకి ఇప్పుడే అప్లై చెయ్యండి. మీకు ప్రీమియం ఎక్కువ అడగొచ్చు, కాదనొచ్చు కూడా. కాదంటే వాళ్లిద్దరికైనా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

చర్మం సంగతి. అందం కోసం చేసినదిగానే చూస్తారు, బీమా రాదనే అనుకోండి. బరువు ఒకచోట నిలబడడానికి ఏడాదిన్నర పడుతుంది, అప్పటిదాకా ఏ సర్జనూ దాన్ని ముట్టుకోడు. అప్పటికీ కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం. కావాలంటే సర్జరీ అయిన నెల నుంచి పోస్టాఫీసులో వెయ్యి రూపాయల ఆర్‌డీ ఒకటి కట్టుకోండి. చర్మానికి అక్కర్లేకపోతే చీరలకి పనికొస్తుంది. పాత జాకెట్లు ఒక్కటీ సరిపోవు కదా.