కట్ దగ్గర మారిపోయే నేపథ్య శబ్దం: నా డిప్లొమా చిత్రం అనుభవం

షాట్ మారినప్పుడల్లా వెనుక శబ్దం మారిపోతోందని, నాయిస్ రిడక్షన్ (రొదను తగ్గించే సాఫ్ట్‌వేర్ సాధనం) వాడితే గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు తయారవుతోందని మీరు రాశారు. నా డిప్లొమా చిత్రానికీ సరిగ్గా ఇదే జరిగింది.

సికింద్రాబాద్‌లోని ఒక అద్దె ఇంటి వంటగదిలో తల్లీకొడుకుల సన్నివేశం తీశాం. సీలింగ్ ఫ్యాన్ ఆపాం గానీ, ఫ్రిజ్ సంగతి ఎవరికీ తట్టలేదు. తల్లి షాట్లలో కిటికీ అవతలి ఆటోల రొద, కొడుకు షాట్లలో ఫ్రిజ్ గుర్రు. రెండింటినీ పక్కపక్కన పెడితే ప్రతి కట్ దగ్గరా ఎవరో తలుపు తీసి వేస్తున్నట్టు వినిపించేది. నాయిస్ రిడక్షన్‌ను 20 డెసిబెల్స్ దాకా పెంచి రెండు రాత్రులు పాడుచేసుకున్నాను. రొదతోపాటు స, శ అక్షరాల స్పష్టత కూడా పోయింది.

ఎడతెగక సాగే రొదకు చెవి త్వరగానే అలవాటు పడుతుంది. ఠక్కున మారే శబ్దాన్ని మాత్రం వదలదు. అది అర్థమయ్యాక చెరపడం మానేసి అతకడం మొదలుపెట్టాను. తల్లి మాటలను ఒక ట్రాక్‌లో, కొడుకు మాటలను మరొక ట్రాక్‌లో వేరుచేసి, ప్రతి ముక్కనూ కట్ దాటించి అర సెకను దాకా సాగదీసి, శబ్దం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేలా ఫేడ్ ఇచ్చాను. రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో వినిపించే శబ్దం) విడిగా రికార్డు చేసుకోలేదు కనుక, క్లాప్ కొట్టాక "యాక్షన్" అనేలోపు మిగిలే ఖాళీలను అన్ని టేకుల నుంచీ ఏరి, క్రాస్‌ఫేడ్‌లతో (ఒకటి తగ్గుతుండగా మరొకటి పెరిగేలా) కలిపి, 40 సెకన్ల టోన్ తయారుచేసి సన్నివేశం పొడవునా పరిచాను. మొదట బద్ధకించి ఒకే ముక్కను పదేపదే అతికించినప్పుడు, అందులోని కాకి అరుపు గడియారం కొట్టినట్టు తిరిగి తిరిగి వచ్చి నన్ను పట్టించింది.

ఆ తర్వాతే ఫిల్టర్ల జోలికి వెళ్లాను. సంభాషణలకు 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాలను తగ్గించేది) పెట్టాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఫ్రిజ్ గుర్రు ఎక్కువగా దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్ దగ్గర మిగిలింది. కొడుకు గొంతు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ఆ చోట్ల శబ్దాన్ని మాత్రమే కోసేసే నాచ్ ఫిల్టర్‌ను వీలైనంత సన్నగా ఉంచాను. నాయిస్ రిడక్షన్‌ను చివరగా, 6 డెసిబెల్స్‌కు మించకుండా వాడాను. హెడ్‌ఫోన్లలో రొద ఇంకా వినబడుతూనే ఉంది, కానీ ప్రదర్శనలో దాని గురించి ఒక్కరూ అడగలేదు.

పక్కింటి కుక్కర్ విజిల్ పడిన మాటను మాత్రం ఏ ఫిల్టరూ కాపాడలేదు. అదే షాట్ మూడో టేక్‌లో తల్లి అన్న ఆ మాటను తెచ్చి, పెదవుల కదలికకు సరిపెట్టి, కింద అదే టోన్ నడిపించాను.