మౌస్ కనిపెట్టిన ఎంగెల్‌బార్ట్ నిజంగా నేవీలో పనిచేశారా?

అవును, సుమారు రెండేళ్లు. ఆ రెండేళ్లు లేకపోతే మౌస్ కథ ఇంకోలా ఉండేదని నా నమ్మకం.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది అమెరికాలోని ఒరెగాన్. రెండో ప్రపంచ యుద్ధంలో చదువు మధ్యలో ఆపి నేవీలో చేరి, రాడార్ టెక్నీషియన్ అయ్యారు. 1945లో ఫిలిప్పీన్స్ చేరేసరికి యుద్ధం ముగిసింది. అక్కడ లేతే దీవిలో, గుంజల మీద కట్టిన గుడిసెలో రెడ్‌క్రాస్ లైబ్రరీ ఉండేది. మనిషి జ్ఞానాన్ని యంత్రాలతో దాచుకుని, క్షణాల్లో వెతుక్కోవడం గురించి అమెరికన్ ఇంజినీర్ వానెవార్ బుష్ రాసిన వ్యాసం ఆయన చదివింది అందులోనే.

తిరిగొచ్చి 1948లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, 1955లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో డాక్టరేట్ పూర్తిచేశారు. కంప్యూటర్లు పంచ్ కార్డులు (రంధ్రాల రూపంలో సమాచారం ఉండే అట్ట కార్డులు) మింగుతున్న రోజులవి. రాడార్ తెర మీద సమాచారం కనబడగా లేనిది కంప్యూటర్ తెర మీద ఎందుకు కనబడదు? ఆయన పట్టుదలంతా ఇక్కడే ఉంది.

తెర మీద కనబడేదాన్ని ఎంచుకోవడానికి మౌస్ ఆలోచన ఆయనదే. ఆయన పనిచేసిన స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1964లో సహచర ఇంజినీర్ బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన తొలి మౌస్ ఒక చెక్క డబ్బా: అడుగున అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చక్రాలు, పైన ఒకే బటన్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను అందరి ముందూ వాడి చూపించారు. పేటెంట్ సంస్థది కావడంతో ఆయనకు రాయల్టీ రాలేదు. 1997లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు మాత్రం వచ్చింది.